నేలే పైకి లేస్తుంటే నీళ్లను తూచేదెలా?

కెనడాలో హడ్సన్ అఖాతం ఒడ్డున చర్చిల్ అని ఓ చిన్న ఊరుంది. ధ్రువపు ఎలుగుబంట్లను చూడటానికి వెళ్లేవాళ్లకు బాగా తెలిసిన ఊరు. అక్కడ గురుత్వాకర్షణ ఏటేటా తగ్గుతోంది. ఎంతంటే, వంద కోట్ల భాగాల్లో సుమారు రెండు భాగాలు. ఆంథొనీ లాంబర్ట్ అనే భూభౌతిక శాస్త్రవేత్త, ఆయన సహచరులు చర్చిల్ నుంచి అమెరికాలోని అయోవా దాకా వరసగా కొన్నిచోట్ల ఏళ్ల తరబడి కొలిచి తేల్చిన సంగతి ఇది. కొలిచే పద్ధతి వినడానికి మహా సులువు. గాలి తీసేసిన గొట్టంలో చిన్న అద్దాన్ని జారవిడిచి, అది ఎలా పడుతోందో లేజర్‌తో లెక్కకట్టడమే.

తగ్గడానికి కారణం పాత మంచు. ఇరవై వేల ఏళ్ల కిందట ఆ ప్రాంతాన్ని కిలోమీటర్ల మందాన మంచు కప్పేసింది. ఆ బరువుకి నేల కుంగింది. మంచు కరిగిపోయి వేల ఏళ్లయినా, కుంగిన నేల ఇంకా ఏడాదికి సెంటీమీటరు చొప్పున పైకి లేస్తూనే ఉంది. నేలతోపాటు దానిమీద పెట్టిన పరికరమూ లేస్తుంది. భూకేంద్రానికి ఎంత దూరం జరిగితే ఆకర్షణ అంత తగ్గుతుంది.

నీళ్ల లెక్కకు ఈ గొడవ అడ్డొచ్చింది 2002 తర్వాత. ఆ ఏడాది మార్చిలో అమెరికా, జర్మనీ కలిసి గ్రేస్ అనే జంట ఉపగ్రహాలను పంపాయి. శాస్త్రవేత్తలు వాటికి టామ్, జెర్రీ అని ముద్దుపేర్లు పెట్టుకున్నారు. ఒకదాని వెనక ఒకటి సుమారు 220 కిలోమీటర్ల ఎడంతో తిరిగేవి. కింద బరువైన చోటు వస్తే ముందున్నదాన్ని అది కాస్త లాగుతుంది, ఎడం పెరుగుతుంది. వెనకది కూడా అక్కడికి చేరాక ఎడం మళ్లీ తగ్గుతుంది. ఈ తేడాని మిల్లీమీటరులో వెయ్యో వంతు దాకా పట్టుకుని, నెలనెలా ఏ ప్రాంతం బరువెక్కిందో, ఏది తేలికైందో పటం గీశారు. ఆ జంట పని 2017లో ముగిసింది. మరుసటి ఏడు ఇంకో జంట వెళ్లింది.

ఈ పద్ధతి మనకు కొత్తేమీ కాదు. ఉత్తర భారతంలోనూ దాని చుట్టుపక్కలా ఏటా 54 ఘన కిలోమీటర్ల భూగర్భ జలం, అంటే మన లెక్కలో 1,900 టీఎంసీలు, తరిగిపోతోందని 2009లో చెప్పిన బృందానికి ముందు నిలిచింది హైదరాబాద్ ఎన్‌జీఆర్‌ఐ శాస్త్రవేత్త వీరేంద్ర తివారి. అదీ గ్రేస్ కొలతలతోనే.

అయితే ఉపగ్రహానికి దొరికేది మొత్తం బరువొక్కటే. మంచు, చెరువు, మట్టిలో తేమ, పాతాళంలో నీరు అన్నీ కలిపి ఒకే అంకె. ధాన్యం కాటాలో సంచి బరువు తీసేసినట్టు, మిగతావన్నీ తీసేస్తేనే భూగర్భ జలం మిగులుతుంది. కెనడాలో తీసేయాల్సిన పద్దు ఇంకొకటి ఉంది. నేల లేస్తున్నచోట అడుగున వేడి శిల మెల్లగా వచ్చి చేరుతోంది. చిత్రమేమిటంటే, నేలమీది పరికరం ఆకర్షణ తగ్గిందంటుంది, పైనున్న ఉపగ్రహం బరువు పెరిగిందంటుంది. రెండూ నిజమే. ఉపగ్రహం నేలతోపాటు పైకి లేవదు కాబట్టి దానికి కొత్తగా చేరిన శిల మాత్రమే తెలుస్తుంది. ఆ పెరిగిన బరువు శిలదో నీళ్లదో అది చెప్పలేదు.

విడదీయడానికి జీపీఎస్ దారి చూపింది. శిల చేరితే నేల లేస్తుంది. నీరు చేరితే లేవకపోగా రవ్వంత కుంగుతుంది. ఈ తేడా ఆధారంగా హాన్‌షెంగ్ వాంగ్, కాల్గరీలో పనిచేసిన పాట్రిక్ వూ తదితరులు 2013లో లెక్క తేల్చారు. ఉత్తర అమెరికాలో ఏటా సుమారు 43 వందల కోట్ల టన్నుల నీరు చేరింది, అదీ ముఖ్యంగా కెనడా ప్రెయిరీ మైదానాల్లో, మహా సరస్సుల దగ్గర. ఏడాదికి ఏడు శ్రీశైలాలన్నమాట. సంబరపడే ముందు ఒకటి చూడాలి. 2002లో ప్రెయిరీల్లో కరవు ఎంత ఘోరంగా ఉందంటే, పశువులకు గడ్డి లేక తూర్పు రాష్ట్రాల రైతులు రైళ్ల మీద గడ్డి పంపారు. గ్రేస్ కొలత మొదలైంది సరిగ్గా ఆ కరవులోనే. అడుగంటిన చోట మొదలైన గీత పైకి పోక ఎక్కడికి పోతుంది?

లెక్క సరేగానీ, నేలమీద సాక్ష్యం ఏది? నాకు అన్నిటికన్నా నచ్చిన భాగం ఇదే. కెనడాలోని సస్కటూన్‌లో పనిచేసిన గార్త్ వాన్ డర్ క్యాంప్, లోతైన పరిశీలక బావులనే కాటాలుగా వాడాడు. పైన మందమైన బంకమట్టి, దాని కింద నీటితో నిండిన ఇసుక పొర. బంకమట్టిలోంచి నీరు దాదాపు దిగదు. అయినా పైన వాన కురిస్తే బావిలో నీటిమట్టం కొన్ని మిల్లీమీటర్లు పెరుగుతుంది! చుక్కయినా చేరకుండానే. పైన పడ్డ నీటి బరువు మట్టిని నొక్కితే, ఆ ఒత్తిడిలో కొంత అడుగున ఉన్న నీరు మోస్తుంది. గాలి పీడనం, చంద్రుడి లాగుడు తీసేస్తే, మిగిలేది చుట్టూ కొన్ని హెక్టార్ల మీద మంచు, తేమ ఎంత చేరిందో చెప్పే అంకె. నెల్సన్ నదీ పరీవాహకంలో నీటి చేరికను గ్రేస్‌తో తేల్చిన 2013 నాటి పరిశోధనలో లాంబర్ట్‌తో పాటు ఈయన పేరూ ఉంది.

ఇంతా చేసి గ్రేస్ కంటికి ఆనని చోటూ ఉంది. కెనడాలోని ప్రిన్స్ ఎడ్వర్డ్ ఐలండ్‌లో తాగేదంతా భూగర్భ జలమే. బంగాళాదుంప పొలాలకు కొత్తగా పెద్ద బోర్లు వేయొద్దని 2002లోనే అక్కడి ప్రభుత్వం ఆంక్ష పెట్టింది. కానీ ఆ దీవి ఆరు వేల చదరపు కిలోమీటర్లయినా లేదు. గ్రేస్ నమ్మకంగా తూచాలంటే లక్ష చదరపు కిలోమీటర్లకు మించిన విస్తీర్ణం కావాలి, పైగా దీవి చుట్టూ ఉన్న సముద్రం బరువు లెక్కలోకి చొరబడుతుంది. అక్కడ నీటిమట్టం తెలియాలంటే బావి బావికీ వెళ్లి కొలవాల్సిందే.