బాస్కర్‌విల్లుల వేటకుక్క

విద్యార్థులారా! కొమ్మూరి సాంబశివరావుగారు సృష్టించిన డిటెక్టివ్ యుగంధరుని కథలను తెలుగువారు మిక్కిలి ఆసక్తితో చదివిరి. అట్టి అపరాధ పరిశోధన నవలలకు ఇంగ్లండు పేరెన్నిక గన్నది. వానిలో మీరు తప్పక చదువవలసినది ‘బాస్కర్‌విల్లుల వేటకుక్క’. వైద్యవిద్య నభ్యసించిన ఆర్థర్ కానన్ డాయిల్ రచించిన ఈ నవల 1902లో గ్రంథరూపమున వెలువడెను.

డార్ట్‌మూర్ అను బీడుభూమి చెంత ఒక సంపన్న గృహస్థు రాత్రివేళ మరణించెను. దేహముపై గాయము లేదు. ఆ వంశమును పిశాచపు కుక్క యొకటి వెన్నాడుచున్నదని పూర్వమునుండి ప్రతీతి. సమీపమున పెద్దకుక్క అడుగుజాడలు కనబడుటచే భయము హెచ్చెను. షెర్లాక్ హోమ్స్ మాత్రము భయపడలేదు. ఆ మాటను తేలికగా త్రోసిపుచ్చనూ లేదు. వారసుని బూటొకటి హోటలులో మాయమైనదను అల్పవిషయమును సైతము విడువక విచారించెను. పిశాచమునకు పాతబూటుతో పనియేమి? ఈ ప్రశ్నయే ఆయనకు దారి చూపెను. హంతకుడెవడో నేను చెప్పను. మీరే చదివి తెలిసికొనుడు.

ఇది కేవలము కాలక్షేపపు కథ కాదు. మన సిద్దిపేట చేరియుండిన పూర్వపు మెదకు జిల్లాలో, ఎవరికైన జబ్బు చేసినచో బాణామతి చేసిరని నమ్మి నిర్దోషులను చంపిన ఘోరములు జరిగినవి. “చూచినవారెవరు? సాక్ష్యమేది?” అని ఆ గుంపులో ఒక్కరు నిలిచి అడిగియున్నచో ఒక ప్రాణము దక్కియుండెడిదేమో! అట్లు అడుగవలెనని ఈ నవల మనకు నేర్పుచున్నది.