మనసు కుంగితే ఎవరికి చెప్పుకోవాలి?

చేలో ఆకుముడత కనిపిస్తే నాలుగు ఆకులు కోసుకుని వ్యవసాయాధికారి దగ్గరకు వెళ్తాం. అదే మనసు ముడుచుకుపోతే ఎవరికీ చెప్పం. పత్తి దెబ్బతిన్నాక, షావుకారు నలుగురిలో బాకీ అడిగాక కొందరు రైతులు రచ్చబండ వైపు రావడమే మానేస్తారు. చుట్టాల పెళ్లికీ పోరు. ‘‘నా చేతకానితనం వల్లే ఇల్లు ఇట్లయింది’’ అని తమను తామే తిట్టుకుంటారు. పక్క చేనూ అలాగే పోయిన సంగతి అప్పుడు గుర్తుకు రాదు.

వాన, మార్కెట్ ధర రైతు చేతిలో ఉండవు. 1997 ఖరీఫ్‌లో వరంగల్ జిల్లా పత్తిని లద్దెపురుగు తినేసినప్పుడు అనుభవమున్న రైతులూ నష్టపోయారు. ఆ నష్టాన్ని తమ తప్పుగా మోయలేక కుంగినవారికి ఆనాడు ఊళ్లో దారి చూపేవారు కరువయ్యారు. ఇప్పుడు దారులున్నాయి.

ఎప్పుడు వెళ్లాలి?

దిగులు, నిద్రలేమి, ఏ పనీ చేయబుద్ధి కాకపోవడం, ‘నేనెందుకూ పనికిరాను’ అన్న ఆలోచన రెండు వారాలకు మించి వదలకపోతే ఆలస్యం చేయవద్దు. చావు ఆలోచన వస్తే ఒక్కరోజు కూడా ఆగకూడదు. తాగుడు దిగులును తగ్గించదు, ఇంకా పెంచుతుంది.

ఎవరి దగ్గరకు?

సైకియాట్రిస్టు మందులు రాసే డాక్టరు. క్లినికల్ సైకాలజిస్టు మందులు రాయరు, మాటలతో చికిత్స చేస్తారు. రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో నమోదయ్యారా అని వారిని అడగవచ్చు. అందులో మొహమాటం అక్కర్లేదు.

ఇంటి నుంచే మాట్లాడాలంటే 14416కు ఫోన్ చేయండి. ఇది 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలి మానస్. రాత్రీ పగలూ పనిచేస్తుంది, పైసా ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడవచ్చు. నేరుగా వెళ్లాలంటే జిల్లా ప్రభుత్వాసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఏ రోజు ఉంటుందో ఆశా కార్యకర్తను అడిగి తెలుసుకోండి. పెద్దాసుపత్రులు హైదరాబాద్ ఎర్రగడ్డలో, విశాఖ చినవాల్తేరులో ఉన్నాయి. అక్కడికి వెళ్లినవాళ్లంతా పిచ్చివాళ్లన్న మాట నమ్మకండి.

అక్కడ ఏం చేస్తారు?

ముందు మీరు చెప్పేది వింటారు. నిద్ర, తిండి, అప్పు, ఇంటి పరిస్థితి అడుగుతారు. తర్వాత జరిగినదాన్ని, మీరు అనుకుంటున్నదాన్ని విడదీయడం నేర్పుతారు. ‘ఈ ఏడు పత్తి పోయింది’ అన్నది నిజం. ‘నేను పనికిరాను’ అన్నది మీరు దానికి తగిలించుకున్న మాట. గొడ్లకు మేత వేయడం, పొద్దున కాసేపు నడవడం, ఒక్క స్నేహితుడితో మాట్లాడటం వంటి చిన్న పనులతో మొదలుపెట్టిస్తారు. ఒక్కసారి వెళ్తే సరిపోదు, కొన్ని వారాలు పడుతుంది. మందులిస్తే గుణం తెలియడానికీ రెండు నుంచి నాలుగు వారాలు కావచ్చు. మధ్యలో సొంతంగా మానేయకూడదు.

ఎన్నిసార్లు వెళ్లాలి, ఎంత ఖర్చవుతుంది అని ముందే అడగండి. ఆయన మాట మీకు కుదరకపోతే, మిమ్మల్ని చిన్నచూపు చూస్తే మరొకరి దగ్గరకు వెళ్లండి. మీరు చెప్పిన విషయం గోప్యంగా ఉంచాలని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది.

ఇంట్లోవాళ్లకు ఒక మాట

‘‘మగాడివి, ధైర్యంగా ఉండు’’ అని ఊరుకోకండి. పొలం పని చేసే ఆడవాళ్లకూ ఈ దిగులు వస్తుంది, వాళ్లు అసలే చెప్పుకోరు. ‘‘పద, నేనూ వస్తా’’ అని తోడు వెళ్లండి. పురుగుమందు డబ్బాలు ఇంట్లో ఉంచకుండా వేరేచోట తాళం వేసి, తాళంచెవి మరొకరి దగ్గర పెట్టండి.

కౌన్సెలింగ్‌తో బాకీ తీరదు. కానీ బ్యాంకుకు వెళ్లి గడువు అడగడానికి, పంట నష్టం రాయించుకోవడానికి, వచ్చే కారుకు విత్తనం చూసుకోవడానికి మనిషి మళ్లీ లేచి నిలబడతాడు. ఆ పనులు చేయాల్సింది ఆయనే కదా!