ఎనిమిదవ పోటీదారు

హంగేరీ దేశంలో వాస్తుశిల్పం బోధించే ఎర్నో రూబిక్ 1974లో రూపొందించిన ఆరు రంగుల ఘనం కొద్ది సంవత్సరాలలోనే దేశదేశాలకు వ్యాపించింది. 1982లో బుడాపెస్టు నగరంలో జరిగిన తొలి ప్రపంచ పోటీలో అమెరికా విద్యార్థి మిన్ థాయ్ 22.95 సెకన్లలో దానిని సరిచేసి విజేత అయ్యాడు. ఆ తరువాత 2003లో టొరంటోలో జరిగేదాకా మరొక ప్రపంచ పోటీ లేదు. మరుసటి ఏడాది రాన్ వాన్ బ్రూకెమ్, టైసన్ మావో అనే ఇద్దరు వరల్డ్ క్యూబ్ అసోసియేషన్‌ను నెలకొల్పారు. అది గుర్తించిన పోటీలు హైదరాబాదులోనూ జరిగాయి.

ఈ సంఘం దృష్టిలో పెద్ద పోటీ, చిన్న పోటీ అనే భేదం లేదు. 2018లో చైనాలోని వూహు నగరంలో జరిగిన ఒక స్థానిక పోటీలో యూషెంగ్ డూ 3.47 సెకన్లలో ఘనాన్ని సరిచేయగా, అదే ప్రపంచ రికార్డు అయింది. ఏ ఊరి హాలులో సాధించిన ఫలితమైనా ప్రపంచ పట్టికలో చేరుతుంది కనుక అన్ని ఊళ్లకూ ఒకే నియమావళి ఉండక తప్పదు. అందులో పైకి స్వల్పంగా కనిపించేవి పోటీదారుల సంఖ్యకు సంబంధించిన నియమాలు.

చాలాకాలంగా అమలులో ఉన్న నియమం ప్రకారం ఒక అంశంలో ఏడుగురు లేదా అంతకంటే తక్కువమంది పాల్గొంటే ఒకే దశ జరగాలి. ఎనిమిదిమంది ఉంటేనే రెండవ దశ, పదహారుమంది ఉంటేనే మూడవ దశ, నూరుమంది ఉంటేనే నాలుగవ దశ. అంతేకాక, ప్రతి దశలోనూ కనీసం నాలుగవ వంతు పోటీదారులు వైదొలగాలి. ఎనిమిదిమందిలో ఆరుగురికి మించి ముందుకు పోరాదు. నూరుమందితో మొదలైతే రెండవ దశకు 75 మంది, మూడవ దశకు 56 మంది, చివరి దశకు 42 మంది మించరాదు. ఎవరూ ఓడిపోని దశను దశ అనడం ఎట్లా? అందరినీ ముందుకు పంపితే తొలిదశ వట్టి అభ్యాసమై, రికార్డుకు మరొక అవకాశమిచ్చే మార్గంగా మిగులుతుంది.

లెక్కకు వచ్చేది పేరు నమోదు చేసుకున్నవారు కాదు, పోటీలో దిగినవారు. ఎనిమిదిమంది పేర్లిచ్చిన అంశంలో ఒకరు రాకపోతే మిగిలిన ఏడుగురికీ తుదిపోరు లేకుండా పోతుంది. పైగా ఈ లెక్క ఏ అంశానికి ఆ అంశమే. సాధారణ ఘనానికి నలభైమంది వచ్చినచోటనే, కళ్లకు గంతలు కట్టుకొని ఘనాన్ని సరిచేసే అంశానికి ఐదుగురే రావచ్చు. నిర్వాహకులు ఆనాటి కాలపట్టికను హాజరును బట్టి మార్చుకోవలసి వస్తుంది.

మనుషులు కావలసింది ఆడడానికే కాదు. ఘనాలను కంప్యూటరు ఇచ్చిన వరుస ప్రకారం కలగలిపేవారు ఒకరు, పోటీదారు ఎదుట కూర్చుని కాలాన్ని, తప్పులను గమనించే న్యాయనిర్ణేత మరొకరు ఉండాలి. చాలాచోట్ల ఈ పనులను పోటీదారులే వంతులవారీగా చేస్తారు. తన వంతు ఇంకా రాని ఆటగాడు తన జట్టుకు కేటాయించిన కలయికలను ముందుగా చూడరాదు. కాబట్టి ఒక జట్టు ఆడుతుండగా మరొక జట్టు పనిచేయాలి. పదిమంది కూడా లేనిచోట ఈ ఏర్పాటు ఎంత కష్టమో ఊహించవచ్చు.

అయితే ఈ నియమం దశలకే గాని, ఆటగాని ప్రతిభకు హద్దు కాదు. ఏడుగురే ఉన్న అంశంలో సాధారణ ఘనానికైతే ఒక్కొక్కరు ఐదుసార్లు ప్రయత్నిస్తారు. అన్నిటికంటే మంచి కాలాన్ని, అన్నిటికంటే చెడ్డ కాలాన్ని తొలగించి, మిగిలిన మూడింటి సగటుతో స్థానాలు నిర్ణయిస్తారు. ఆ ఒక్క దశలో సాధించిన కాలం ప్రపంచంలో అత్యుత్తమమైతే, దానిని రికార్డుగానే నమోదు చేస్తారు.