చీటీలో చివరి పేరు

తెలుగు పాఠం చెప్పేవాడికి సభలో నాలుగు మాటలు మాట్లాడటం పుట్టుకతోనే వస్తుందని లోకానికొక నమ్మకం. ఆ నమ్మకమే నన్ను వేదిక ఎక్కించింది. మేముండే కొండాపూర్ భవనాలలోని కొందరు కుర్రవాళ్లు, అందరూ హైటెక్ సిటీలో కంప్యూటరు ఉద్యోగాలు చేసేవారే, నెలకొక కర్ణాటక సంగీత కచేరీ ఏర్పాటు చేస్తున్నారు. క్రింది అంతస్తు హాలు, ఎనభై కుర్చీలు, వేదిక మీద ఒక జంపఖానా. "విద్వాంసులను పరిచయం చేసే పని మీదే, మాష్టారూ" అన్నారు. సంబరపడి ఒప్పుకున్నాను.

పట్నంలో సభలకు కొదవా, చిక్కడపల్లిలో త్యాగరాయ గానసభ లేదా, రవీంద్రభారతి లేదా అని మీరనవచ్చు. ఉన్నాయి. కాని ఆరు గంటలకు ఆఫీసు వదిలినవాడు మాదాపూర్ నుంచి ఆ రద్దీలో చిక్కడపల్లి చేరేసరికి అక్కడ మంగళం పాడుతూ ఉంటారు. ఇక్కడ శిల్పారామంలో ఆరుబయలు రంగస్థలం ఉన్నది గాని, ఆరుబయట నాట్యం రాణించినట్టు వీణ రాణించదు. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభించిన తరువాత ఈ చుట్టుప్రక్కల లేచిన అద్దాల మేడలకు లెక్కలేదు. అన్ని మేడల మధ్య తంబురా వినిపించే చిన్న గది ఒకటి కావలసి వచ్చింది, అంతే.

మొదటి కచేరీనాడు గాయని గురుపరంపరను మూడు తరాల వెనక్కు వెళ్లి పొగిడాను. పది నిమిషాలు పట్టింది. ఫిడేలు, మృదంగం వారి పేర్లు గబగబా చదివి దిగిపోయాను. ఘటం ఆయన పేరు చీటీలో చివరిది; మడతలో పడిపోయింది. కచేరీ అయ్యాక ఆయన ఘటాన్ని పాత దుప్పటిలో చుడుతూ, "మా అబ్బాయి ఊళ్లో ఫోనులో చూస్తున్నాడండీ. నాన్నా, నీ పేరు చెప్పలేదేమని అడుగుతాడు" అన్నాడు. కోపంగా అన్నా బాగుండేది. నవ్వుతూ అన్నాడు.

రెండో నెల రెండు గంటలు ముందుగా వెళ్లి పక్కవాద్యాల వారి దగ్గర కూర్చున్నాను. అక్కడ నేర్చుకున్నదే ఇప్పుడు మీకు చెబుతున్నది.

ముందు ఘటం. చూడబోతే కుండే గాని, వంటింటి కుండ కాదు. తమిళనాడులోని మానామదురై కుమ్మరులు చేసేవాటికి పేరు. గోడ మందంగా, బరువుగా ఉంటుంది. మృదంగాన్ని శ్రుతి చేసుకోవచ్చు, ఫిడేలు తీగ బిగించుకోవచ్చు. కాలిన మట్టిని ఏం చేస్తాం? అందుకని గాయకుల శ్రుతిని బట్టి ఘటాన్నే మార్చుకోవాలి. మా విద్వాంసుడికి ఇంట్లో నాలుగున్నాయి. ఆటోలో వచ్చేటప్పుడు పసిబిడ్డను కూర్చోబెట్టుకున్నట్టు ఒళ్లో పెట్టుకుని వస్తాడు. పగిలితే అతుకు వేసే వీలు లేదు.

మృదంగం ఆయన బ్యాంకు ఉద్యోగం నుంచి విరమించుకున్న పెద్దమనిషి. కచేరీకి ముందు ఒక చిన్న గిన్నెలో బొంబాయి రవ్వ తడిపి ముద్ద చేస్తూ కనిపించాడు. ఫలహారమేమో అనుకున్నాను! అది ఎడమ మూతకు అంటించటానికట; ఆ గంభీరమైన నాదం దానివల్లనే. కచేరీ కాగానే గీకి తీసేస్తారు. కుడి మూత మీది నల్లటి కరణె మాత్రం శాశ్వతం. డోలు చెక్క పనసది. మా హాల్లో మృదంగానికి మైకు పెట్టలేదని నేను నొచ్చుకుంటే, "పాలఘాట్ మణి అయ్యర్ గారు మైకు వద్దని పట్టుబట్టేవారు, తెలుసా?" అని నవ్వాడు. ఎనభైమంది హాల్లో వేలి కొస చప్పుడు కూడా వినిపిస్తుంది.

ఇక ఫిడేలు. ఆ అబ్బాయి పగలంతా కంప్యూటరు ముందు ఉంటాడు. "రిహార్సలు ఎప్పుడు వేసుకుంటారు?" అని అడిగితే తెల్లబోయాడు. చాలా కచేరీలకు రిహార్సలే ఉండదట. గాయని ఏ రాగం ఎత్తుకుంటుందో వేదిక మీదనే తెలియాలి. ఆమె ఒక సంగతి వేయగానే ఆ నీడ పట్టుకోవాలి, ముందుకు దూకకూడదు, మరీ వెనకబడకూడదు. సీమ నుంచి వచ్చిన ఈ వాద్యాన్ని ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు మన సంగీతానికి మలిచాడు. దానిని పక్కన కూర్చున్న చోటు నుంచి నడిమికి తెచ్చి, ఒంటిగా కచేరీ చేయించిన ఘనత మన ద్వారం వెంకటస్వామి నాయుడు గారిది. 1936లో విజయనగరం సంగీత కళాశాలకు అధ్యక్షులైన ఆ మహానుభావుణ్ణి జనం ఫిడేలు నాయుడుగారనే పిలుచుకున్నారు. పారుపల్లి రామకృష్ణయ్య పంతులు గారి శిష్యులు అన్నవరపు రామస్వామి గారు బాలమురళీకృష్ణ గారికి పక్కన వాయించి పేరు పొందారు. ఆయనకు 2021లో పద్మశ్రీ వచ్చింది. అప్పటికి తొంభై దాటాయి.

ఒక మాట దాచకుండా చెప్పాలి. మా చందా డబ్బు పంచేటప్పుడు గాయనికిచ్చిన దానిలో నాలుగో వంతు కూడా ఘటానికి ఇవ్వటం లేదు. "అన్నిచోట్లా ఇంతేనండీ" అంటారు కుర్రవాళ్లు. అన్నిచోట్లా ఇంతే అయితే మనం వేరే సభ పెట్టటమెందుకని అడిగాను. ఈ నెల నుంచి కొంత పెంచారు. నాకింకా తృప్తి లేదు.

తని ఆవర్తనం మొదలుకాగానే కాఫీకి లేచే అలవాటు మా వాళ్లకీ ఉన్నది. ఈసారి నేను ఘటంతో మొదలుపెట్టి, గాయని పేరు చివర చదివాను. ఆవిడ ముసిముసిగా నవ్వింది. తని మొదలైనప్పుడు లెక్కపెట్టాను: పదకొండుమంది లేచారు. క్రిందటిసారి ముప్పై దాకా లేచారు. రెండో వరుసలో ఒక పిల్లవాడు, తల్లి చెయ్యి పట్టుకు లాగుతున్నా కదలక, కుండ వంకే చూస్తున్నాడు.

వచ్చే నెల వీణ. ఎవరు వాయిస్తారో గోడ మీద కాగితం అంటించారు. మృదంగం, ఘటం ఎవరన్నది అందులో లేదు. రేపు వెళ్లి అడగాలి.