కొత్త స్టీరియో, అర్ధరాత్రి సైరన్: లెక్క ఎక్కడ తప్పింది?

కార్ డెకార్ షాపులో కొత్త స్టీరియో పెట్టించిన వారంలోపే సెల్లార్‌లో సైరన్ మోగడం మొదలైతే, చాలామంది అలారమే పాడైందనుకుంటారు. విసిగిపోయి సైరన్ వైరు పీకేయిస్తారు. స్టీరియో ఉంటుంది, కారుకు కాపలా పోతుంది. అలాగని సైరన్‌ను ఊరికే మోగనివ్వడమూ తప్పే. నివాస ప్రాంతాల్లో రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు మన చట్టం పెట్టిన పరిమితి 45 డెసిబెల్స్. ఐక్యరాజ్య సమితి వాహన నిబంధనల ప్రకారం అలారం సైరన్ కనీసం 105 డెసిబెల్స్‌తో మోగాలి. పైఅంతస్తుల్లో పసిపిల్లలుంటారు, జబ్బుపడ్డవాళ్లుంటారు. కాబట్టి కారణం వెతకాల్సిందే.

ముందు చూడాల్సింది, తాళం వేశాక కారు ఎంత కరెంటు తాగుతోందన్నది. గడియారం, రిమోట్ రిసీవర్, అలారం అన్నిటికీ కలిపి 20 నుంచి 50 మిల్లీ ఆంపియర్లు సరిపోవాలి. స్టీరియోకు కరెంటు రెండు వైర్లలో వస్తుంది. పసుపు వైరులో 12 వోల్టులు ఎప్పుడూ ఉంటాయి, సెట్టింగులు చెరిగిపోకుండా. ఎరుపు వైరుకు తాళంచెవి తిప్పినప్పుడే అందాలి. కొన్ని కార్ల కప్లర్‌లో ఈ రెండు పిన్నులు తారుమారుగా ఉంటాయి. కొన్నిటిలో ఎరుపు వైరుకు తగిన లైనే ఉండదు. అలాంటి కార్లలో తాళం తిప్పిన సంగతి కంపెనీ స్టీరియోకు డేటా వైర్లలో చేరుతుంది. పని తొందరగా తేల్చాలని పసుపు, ఎరుపు కలిపి టేపు చుట్టేస్తే పాటలు బాగానే వస్తాయి, కానీ స్క్రీన్ ఆపేసినా లోపలి యూనిట్ పడుకోదు.

అది 300 మిల్లీ ఆంపియర్లు లాగుతోందనుకుందాం. మామూలుగా కారు లాగే 30 కలిపితే 330, అంటే 11 రెట్లు. చిన్న కారు బ్యాటరీ 35 ఆంపియర్ అవర్లు. 30 మిల్లీ ఆంపియర్లతో అది సగానికి రావడానికి 24 రోజులు పట్టాలి. 330తో 53 గంటలే. బ్యాటరీ పాతబడి 20 ఆంపియర్ అవర్లే నిలుపుకుంటుంటే 30 గంటలు. శుక్రవారం రాత్రి 7కు ఆపిన కారులో శనివారం అర్ధరాత్రి దాటి ఒంటిగంటకు సగం చార్జి పోయినట్టే. 12.6 వోల్టుల దగ్గరున్న బ్యాటరీ అప్పటికి 12.2కు దిగుతుంది, ఇంకా దిగుతూనే ఉంటుంది. సొంత బ్యాటరీ ఉన్న సైరన్ అయితే, వోల్టేజీ మరీ పడిపోయినప్పుడు దొంగ బ్యాటరీ వైరు కోశాడనుకొని మోగుతుంది. ఏ వోల్టేజీ దగ్గర అన్నది అలారాన్ని బట్టి మారుతుంది.

అందుకే తాళం వేసిన ఎంతసేపటికి మోగిందో రాసిపెట్టుకోవాలి. గంటల తర్వాతైతే అనుమానం బ్యాటరీ మీద. ఒకటి రెండు నిమిషాల్లోనే అయితే డ్యాష్‌బోర్డు విప్పినప్పుడు డోరు స్విచ్ వైరు నలిగి ఎర్త్ అవుతుండొచ్చు. లారీ వెళ్లినప్పుడల్లా అయితే షాక్ సెన్సర్ ఊడి వేలాడుతుండొచ్చు. కొన్ని పాత యూరప్ కార్లలో కంపెనీ రేడియో అలారం సర్క్యూట్‌లో భాగం. దాన్ని తీస్తే అలారానికి దొంగతనం కిందే లెక్క.

పరీక్ష కష్టమేమీ కాదు. తాళంచెవి తీసి, బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ నుంచి కేబుల్ విప్పి, ఆ రెంటికీ మధ్య మల్టీమీటరును 10 ఆంపియర్ల రేంజిలో కలపాలి. మీటరు మధ్యలో ఉన్నంతసేపూ బండి స్టార్ట్ చేయకూడదు, మీటరు ఫ్యూజ్ పోతుంది. తలుపులు మూసి అరగంట ఆగితే కారులోని కంప్యూటర్లన్నీ పడుకుంటాయి, అప్పుడు రీడింగ్ చూడాలి. స్టీరియో వెనకున్న ఫ్యూజ్ తీస్తే 330 కాస్తా 30కి పడిపోయిందంటే అలారానికి ఏ జబ్బూ లేదు. షాపువాళ్లను ఎరుపు వైరు విడదీసి, తాళంతో వచ్చే లైనుకు కలపమనాలి. ఆ లైను లేని కారైతే, డేటా వైర్లను చదివి ఎరుపు వైరుకు 12 వోల్టులు ఇచ్చే అడాప్టర్ పెట్టమని అడగాలి.