కుండీలోని చెట్టుకు కత్తెర పట్టు వేళ

చెట్టును పెంచుట ఒక విద్య. వేళ యెరిగి కత్తిరించుట అంతకంటె కష్టమైన విద్య. లోతులేని కుండీలో మహావృక్షపు రూపమును నిలిపెడి బోన్సాయ్ కళలో ఈ సంగతి స్పష్టముగా కానవచ్చును. ‘బోన్’ అనగా పళ్లెము వంటి కుండీ. ‘సాయ్’ అనగా నాటుట. చీనా దేశమున పుట్టిన ఈ కళ జపానులో పరిణతి చెందినది. 1923వ సంవత్సరపు మహాభూకంపము తరువాత టోక్యో తోటమాలులు కొందరు ఓమియా ప్రాంతమునకు తరలిపోయి, 1925లో బోన్సాయ్ గ్రామమును నెలకొల్పిరి. అట్టి తోటలలో తాతలు నాటిన చెట్లను మనుమలు పోషించుట కలదు. వేళగాని వేళ కత్తెర పడినచో అన్నేండ్ల శ్రమ ఒక్క యేటిలో వ్యర్థము కావచ్చును. పిల్లలచే కుండీలలో మొక్కలు పెంచింపగోరు తల్లిదండ్రులకు ఉపకరించునని ఈ విషయమును ఇచట వివరించుచున్నాము.

జపానులో ఆకురాల్చు చెట్లలో మేపుల్, జెల్కోవా పేరొందినవి. వేసవి యంతయు వీని ఆకులు ఎండను గ్రహించి ఆహారమును సిద్ధపరచును. ఆకు పండి రాలుటకు ముందు అందలి సారములో చాలభాగము కొమ్మలకు, మానుకు, వేళ్లకు చేరి నిలువయుండును. వసంతమున తొలిచిగుళ్లు ఈ నిలువనుండియే పుట్టును. ఆ చిగుళ్లు ముదిరి పనిలోనికి వచ్చువరకు చెట్టుకు ఖర్చేగాని రాబడి లేదు. కావున లేతాకులు విప్పారిన వెంటనే కొమ్మలను ఎక్కువగా నరికినచో చెట్టు నీరసించును. కుండీలోని చెట్టుకు వేళ్లు కొద్ది, నిలువయు కొద్దియే.

ఇందుచేత ప్రధానమైన కత్తిరింపునకు తగిన వేళ చెట్టు నిద్ర ముగియబోవు సమయము. అనగా ఆకులన్నియు రాలి, మొగ్గలు ఇంకను ఉబ్బని కాలము. జపానులో అది సుమారు ఫిబ్రవరి మాసము. అప్పుడు కొమ్మల పొందిక కంటికి చక్కగా కనబడును. కోసిన గాయము త్వరలో రానున్న వసంతమున మానుట కారంభించును. శరత్కాలారంభముననే కత్తిరించినచో అకాలమున చిగురు పుట్టి, మంచుకు మాడిపోవును.

ఈ నియమమునకు కొన్ని మినహాయింపులు కలవు. మేపుల్ చెట్టున రసము పైకెక్కు వేళ పెద్ద కొమ్మను కోసినచో గాయమునుండి రసము కారును. కావున పెద్ద కోతలను ఆకులు ముదిరిన పిదప, వేసవి తొలినాళ్లలో పెట్టుదురు. ‘ఉమే’ అను పూలచెట్టుకు పూమొగ్గలు ముందటి వేసవిలోనే ఏర్పడును. శీతకాలమున కత్తిరించినచో పూలే పోవును. దానిని పూలు రాలిన వెంటనే కత్తిరింపవలెను. వసంతమున మాత్రము లేత కొమ్మల కొనలను గిల్లుదురు. కొన పోయినచో దిగువ కణుపులందలి మొగ్గలు మేల్కొని, కొమ్మ గుబురుగా పెరుగును.

దక్షిణ దేశపు మైదానములలో మంచు కురియదు. ఇచ్చట అనేక వృక్షములు ఆకు రాల్చుట చలివలన గాక పొడివాతావరణమువలన జరుగును. శిశిరమున ఆకు రాల్చి, వసంతమున చిగిర్చుట మన ఋతువుల లెక్కలో నున్నదే. కుండీలో పెంచుకొను రావిచెట్టుకు పాతాకులు రాలి చిగురు మొన చూపబోవు వేళ కత్తెర పట్టుట మంచిది. కోసినచోట కారు పాలను తడిగుడ్డతో అద్దవలెను. కత్తెర పదునుగా, పరిశుభ్రముగా ఉండవలెను. నీరసించిన చెట్టును, క్రొత్తగా కుండీ మార్చిన చెట్టును బలము చిక్కువరకు విశేషముగా కత్తిరింపరాదు.

నెలల పట్టికను చూచి కత్తెర పట్టుటకంటె చెట్టును చూచి పట్టుట మేలు. ఒకే ఊరిలో రెండు రావిచెట్లు ఒకే దినమున ఆకు రాల్చవు. కావున పిల్లవానిచేత ఒక చిన్న పుస్తకములో మూడు తేదీలు వ్రాయించుడు: ఆకులు రాల మొదలిడిన దినము, కొమ్మలు బోడియైన దినము, తొలి మొగ్గ ఉబ్బిన దినము. రెండేండ్లు ఇట్లు వ్రాసినచో ఆ చెట్టుకు కత్తెర యెప్పుడు పట్టవలెనో ఆ పిల్లవాడే మీకు చెప్పగలడు.