చెన్నపట్నంలో మనం చూడక వచ్చే చోట్లు

కుందారపల్లి, శూలగిరి, హోసూరు ప్రాంతాల నుండి చెన్నైకి పోయేవారిలో అధికులు ఏదో ఒక పనిమీద పోయేవారే. ఆసుపత్రి, హైకోర్టు, ఉద్యోగపు పరీక్ష, బంధువుల పెండ్లి వంటి పనులు ముగిసిన పిమ్మట ఒక పూట మిగిలితే మెరీనా తీరమో, వండలూరు జంతుశాలయో చూచి రాత్రి బస్సు ఎక్కుతారు. మహానగరంలో మన సీమతోను, మన మాటతోను ముడిపడిన చోట్లు అనేకం ఉన్నవన్న సంగతి చాలామందికి తెలియదు. వాటిలో కొన్నింటిని ఈ వ్యాసంలో పరిచయం చేస్తున్నాము. వీటిని చూడటానికి పెద్ద ఖర్చు అవసరం లేదు. ఏది ఎక్కడ ఉన్నది, ఎందుకు చూడవలెను అన్నది తెలిస్తే చాలును.

పేరు పుట్టిన కోవెల

1639లో ఈస్టిండియా కంపెనీవారికి ఈ తీరంలో కోట కట్టుకొనుటకు అనుమతి ఇచ్చినవాడు దామర్ల వేంకటాద్రి నాయకుడు. అతని తండ్రి చెన్నప్ప నాయకుని పేరిట చెన్నపట్నం ఏర్పడినదని చరిత్రకారులు చాలామంది అంగీకరించారు. ఆ పేరునే మోయుచున్న చెన్నకేశవ పెరుమాళ్, చెన్నమల్లీశ్వర ఆలయాలు జార్జిటౌన్‌లో, పూలబజారు సమీపాన పక్కపక్కనే ఉన్నవి. తొలి ఆలయం నేటి హైకోర్టు ఆవరణ ఉన్న చోట ఉండేది. పద్దెనిమిదవ శతాబ్దిలో యుద్ధభయంతో కంపెనీవారు కోట చుట్టూ ఖాళీ నేల ఉంచదలచి దానిని తొలగించారు. తరువాత ఇచ్చిన స్థలంలో నేటి జంట ఆలయాలు వెలసినవి. హైకోర్టు పనికి పోయినవారు నడచియే చేరగల దూరం ఇది. ఇరుకు వీధి గనుక కారు తీసుకొని పోరాదు.

తెలుగు అక్షరాలు చెక్కిన రాతికంబం

నుంగంబాక్కం కాలేజీ రోడ్డులో వాతావరణ కేంద్రం కలదు. తుపాను వార్తలలో మనం తరచు వినే కార్యాలయమే అది. ఆ ఆవరణలో 1792 నాటి మద్రాసు నక్షత్రశాలకు చెందిన నల్లరాతి స్తంభం ఒకటి నేటికీ నిలచియున్నది. దూరదర్శిని కదలక ఉండుటకు దానిని ఆ స్తంభంపై అమర్చేవారు. ఖగోళశాస్త్రం కొరకు ఇక్కడ ఒక కట్టడం ఏర్పడినదని రాబోవు తరాలు తెలుసుకొనుటకై, ఆ విషయాన్ని పలు భాషలలో దానిపై చెక్కించారు. అందులో తమిళం, తెలుగు రెండూ ఉన్నవి. ఇక్కడ పనిచేసిన చింతామణి రఘునాథాచార్యులు 1867లో, వెలుగు హెచ్చుతగ్గులయ్యే ఒక నక్షత్రాన్ని గుర్తించి పేరొందారు. నక్షత్రశాల పనులు 1899లో కొడైకెనాల్‌కు తరలిపోయినను స్తంభం మాత్రం తన చోటనే ఉండిపోయినది. ఇది ప్రభుత్వ కార్యాలయం గనుక పనిదినాలలో వెళ్ళి, ముందుగా అనుమతి కోరవలెను.

ఎగ్మూరులో అమరావతి

ఎగ్మూరు పాంథియన్ రోడ్డులోని ప్రభుత్వ మ్యూజియం 1851లో మొదలైనది. అక్కడి కంచువిగ్రహాలను చూడటానికి చాలామంది పోతారు. అదే ఆవరణలోని అమరావతి శిల్పాల గది వద్ద మాత్రం జనం తక్కువ. కృష్ణాతీరంలోని అమరావతి స్తూపాన్ని 1845లో వాల్టర్ ఎలియట్ తవ్వించగా బయటపడిన శిల్పఫలకాలు మద్రాసుకు చేరినవి. వాటిలో చాలా భాగం 1859లో లండనుకు పోగా, తరువాతి తవ్వకాలలో దొరికినవానితో కలిపి ఇక్కడొక గొప్ప సంగ్రహం మిగిలినది. సున్నపురాతిలో తీర్చిన ఆ మనుషుల కట్టు, నగలు, ఏనుగుల నడక, జనసమూహాల సందడి చూడవలసినవే గాని చెప్పనలవి గావు. సుమారు రెండువేల ఏండ్ల నాటి తెలుగునేలను చూపే కిటికీ ఇది. శుక్రవారం మ్యూజియానికి సెలవు. ఎగ్మూరు రైల్వేస్టేషను నుండి నడచి పోవచ్చును.

జీనులేని గుర్రంపై మన్రో

అన్నాశాలై ఉత్తరపు కొసన, ఐలాండు మైదానం పక్కన గుర్రమెక్కిన ఒక దొర విగ్రహం ఉన్నది. బస్సులో పోతూ వేలమంది దానిని చూస్తారు, ఎవరని అడిగేవారు అరుదు. ఆయన సర్ థామస్ మన్రో, 1820 నుండి 1827 వరకు మద్రాసు గవర్నరు. అంతకంటె ముందు ఆయన మన సీమ ఉద్యోగి. 1792 సంధిలో టిప్పుసుల్తాను బారామహలును కంపెనీకి వదలుకొనగా, కెప్టెన్ అలెగ్జాండర్ రీడ్‌కు సహాయకుడై మన్రో 1799 వరకు ఇక్కడ శిస్తు వ్యవహారాలు చూచాడు. మధ్య దళారి లేక రైతుతోనే నేరుగా శిస్తు నిర్ణయించుకొనే రైత్వారీ పద్ధతి రూపు దిద్దుకొన్నది ఈ బారామహలు పొలాలలోనే. పిమ్మట దానిని ఆయన దత్తమండలాలకు కొనిపోయాడు. 1827లో నేటి కర్నూలు జిల్లా పత్తికొండలో కలరా సోకి మరణించాడు. లండను శిల్పి ఫ్రాన్సిస్ చాంట్రీ పోతపోసిన ఈ విగ్రహాన్ని 1839లో నిలిపారు. గుర్రానికి జీను గాని, రికాబులు గాని లేకపోవుట దీని వింత. పట్టా చేతబట్టుకొని తాలూకా కచేరీకి తిరిగే మన రైతుకు ఈ విగ్రహం కేవలం అలంకారం కాదు. ఆ కాగితపు వెనుకటి కథలో కొంత ఇక్కడ నిలచియున్నది.

ఒకే కాలపు ఇద్దరు

మైలాపూరులో, రాయపేట హైరోడ్డుపై బులుసు సాంబమూర్తి నివసించిన ఇల్లు ఉన్నది. ఆంధ్రరాష్ట్రం కోరుతూ పొట్టి శ్రీరాములు 1952 అక్టోబరు 19న నిరాహారదీక్షకు కూర్చున్నది ఆ ఇంటనే. 58 దినాల దీక్ష అనంతరం డిసెంబరు 15న ఆయన కన్నుమూశారు. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం ఏర్పడినది. నేడు ఆ స్థలం ఆయన స్మారకం.

అప్పటి మద్రాసు ముఖ్యమంత్రి రాజాజీ. ఆయన 1878లో మన హోసూరు సమీపాన తొరపల్లిలో జన్మించారు. ఆయన స్మారక మండపం గిండీలో, గాంధీమండపం ప్రక్కన కలదు. సరిహద్దులు గీచిన ఆ సంవత్సరాల తరువాత మన తాలూకాలు మద్రాసు రాష్ట్రంలోనే, అనగా నేటి తమిళనాడులోనే నిలచినవి. ఇంట తెలుగు, బయట తమిళం అన్న మన నిత్యజీవితం ఎట్లు ఏర్పడినదో తెలియగోరే యువకులు ఈ రెండు చోట్లనూ ఒకే దినం చూచుట మంచిది. ఎవరి పక్షమో తేల్చుకొనుటకు కాదు, మన చిరునామా ఎట్లు వ్రాయబడినదో తెలుసుకొనుటకు.

అడయారు: చెట్టు, గ్రంథాలు, సముద్రం

అడయారు నది సముద్రంలో కలిసే చోటికి దక్షిణాన దివ్యజ్ఞానసమాజపు విశాలమైన వనం కలదు. ఊడలు దిగి విస్తరించిన పురాతన మర్రి అక్కడ ప్రసిద్ధం. మూలకాండం 1989లో గాలివానకు కూలినను ఊడలే చెట్టును నిలిపినవి. మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి, బాలుడుగా 1909లో సమాజపు పెద్దల కంటబడినది ఈ తీరాననే. 1886లో స్థాపించిన అడయారు గ్రంథాలయం కూడ ఇచటనే ఉన్నది. ప్రవేశపు వేళలు పరిమితం గనుక ముందుగా తెలుసుకొని పోవలెను.

అచ్చటికి దగ్గరలోనే బెసంట్‌నగర్ ఎలియట్ తీరం. ఇసుకపై తెల్లని కమాను వంటి కట్టడం ఒకటి కనబడును. 1930లో ఇతరులను అలల నుండి కాపాడబోయి ప్రాణం విడిచిన ష్మిట్ అను డెన్మార్కు దేశస్థుని జ్ఞాపకం అది. పిల్లలు దాని నీడన ఆడుకొంటారు, దాని అర్థం మాత్రం ఎవరూ చెప్పరు. చెరువులలో ఈత నేర్చిన మనవారు సముద్రాన్ని కూడ చెరువువలెనే తలచుట కద్దు. లోనికి లాగే అలకు ఈత వచ్చినవాడును, రానివాడును ఒకటే. తీరంలో పాదాలు తడుపుకొనుటతో సరిపెట్టుకొనవలెను.

ఎట్లు చూడవలెను?

కృష్ణగిరి పట్టణానికి రైలు లేదు గనుక బస్సు గాని, జోలార్‌పేట జంక్షను నుండి రైలు గాని అనుకూలం. మొదటి దినం జార్జిటౌన్ ఆలయాలు, మన్రో విగ్రహం, ఎగ్మూరు మ్యూజియం చూడవచ్చును. రెండవ దినం ఉదయం నుంగంబాక్కం, మధ్యాహ్నం మైలాపూరు, గిండీ ముగించుకొని, ఎండ తగ్గినాక ఎలియట్ తీరం చేరవచ్చును. అడయారు వనానికి వేరుగా ఒక పూట కేటాయించుట మేలు. ప్రాచీన శిల్పాలను తాకుట, గోడలపై పేర్లు గీయుట తగదు.

ఒక్క చోటికే వ్యవధి ఉన్నచో పిల్లలను నుంగంబాక్కపు స్తంభం వద్దకు తీసుకొని పొండు. మన ఇండ్లలో తెలుగు చక్కగా మాట్లాడుచు, అక్షరం చదువలేని పిల్లలు పెరుగుచున్నారు. రాతిపై ఒకే విషయం తమిళంలోను, తెలుగులోను చెక్కియుండగా వారు బడిలో నేర్చిన లిపితో ఒకదానిని చదివి, ఇంటి భాషలో రెండవదానిని మీ నోట వినగలరు. అక్షరాలు ఏవని వారు అడిగిననాడు, తిరుగు ప్రయాణపు బస్సులోనే ఓనమాలు మొదలుపెట్టవచ్చును.